ఇంట్లో ఫోన్ ఖాళీ అయ్యే వేళ: నెల్లూరు, ప్రకాశంలో ‘ఎప్పుడైనా ఎక్కడైనా’ చదువు

క్లుప్తంగా: చేతిలో ఫోన్ ఉన్న విద్యార్థి ఏ పాఠాన్నైనా ఏ వేళలోనైనా తెరుచుకోవచ్చన్న మాట నిజమే. అయితే ఉమ్మడి నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో చాలా ఇళ్లలో ఆ వేళను ఖాయం చేసేవి ఇంటి పని, డేటా కోటా, టవర్. పాఠం దొరకడం తేలికైన కొద్దీ అది బుర్రకెక్కిందో లేదో చూసే పని బరువెక్కింది. ఉపాధ్యాయుడి సమయం ఆ పనివైపు మళ్లిన చోట ఫోన్ చదువుకు అక్కరకొస్తోంది. మళ్లని చోట వీడియోల జాబితా మాత్రం పెరుగుతోంది.

ఆలోచన పాతదే, గంట కొట్టే చెయ్యి మారింది

బడికి రాలేని వాళ్ల దగ్గరికే పాఠాన్ని పంపాలన్న ఆలోచన ఫోన్‌తో పుట్టింది కాదు. 1975-76లో అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో నడిచిన ‘సైట్’ ప్రయోగంలో ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెలకు టీవీ కార్యక్రమాలు అందాయి. వాటిలో ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాద్‌లోనే మొదలైంది. ఇప్పుడది అంబేద్కర్ పేరుతో నడుస్తోంది. 2004 సెప్టెంబరు 20న పూర్తిగా చదువు కోసమే ఉద్దేశించిన ఎడ్యుశాట్ ఉపగ్రహం శ్రీహరికోట నుంచి ఎగిరింది. శ్రీహరికోట ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉన్నా, అప్పటికి నెల్లూరు జిల్లాదే. ఉమ్మడి రాష్ట్రంలో ‘మన టీవీ’ పాఠాలు చూసిన తరం ఇంకా ఉద్యోగాల్లో ఉంది. 2020లో కోవిడ్ వల్ల బడులు మూతపడ్డప్పుడు దూరదర్శన్ సప్తగిరి మళ్లీ ఆ పని అందుకుంది.

వీటన్నిటిలో సమయం పంపేవాళ్ల చేతిలో ఉండేది. పాఠం పదింటికి అంటే పదింటికే. ఆ వేళకు కరెంటు పోతే పాఠమూ పోయినట్టే. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా ధరలు పడిపోయాక ఈ లెక్క తలకిందులైంది. 2017లో కేంద్రం ‘స్వయం’, ‘దీక్ష’ అనే ఆన్‌లైన్ పాఠాల వేదికలను తెచ్చింది. ఐఐటీల పాఠాలను 2003 నుంచే పోగుచేస్తున్న ఎన్‌పీటెల్‌కు పల్లెటూరి డిగ్రీ విద్యార్థి కూడా ప్రేక్షకుడయ్యాడు. పాఠం ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎక్కడ ఆపాలో, ఎంత వేగంతో వినాలో ఇప్పుడు చూసేవాడి ఇష్టం. యూట్యూబ్‌లో ఒకటిన్నర రెట్ల వేగంతో పాఠం వినే విద్యార్థికి మామూలు వేగంతో మాట్లాడే మాస్టారు నత్తనడకన చెబుతున్నట్టు అనిపించడంలో వింతేమీ లేదు.

ఒంగోలు ట్రిపుల్ ఐటీ విద్యార్థులు ఈ మార్పుకు ఒకింత మినహాయింపు. ట్రిపుల్ ఐటీలను నడిపే ఆర్‌జీయూకేటీ విశ్వవిద్యాలయం 2008లో మొదలైంది, తొలినుంచీ ల్యాప్‌టాప్‌ను బోధనలో భాగం చేసింది. 2016లో వచ్చిన ఒంగోలు విభాగానికీ అదే వారసత్వం. అక్కడ పరికరం, నెట్, హాస్టల్, మెంటర్ ఒకే ఆవరణలో ఉంటాయి. బయటి కాలేజీల్లో ఈ నాలుగూ ఒకచోట కలవడం అరుదు. ‘ఆన్‌లైన్ బోధన’ అని రెండు చోట్లా ఒకే పేరుతో పిలుస్తున్నా, రెండూ వేర్వేరు సంగతులు.

‘ఎప్పుడైనా’ అంటే ఎప్పుడు?

అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట మండలాల్లో రొయ్యల గుంటలున్న కుటుంబాల సంగతి చూద్దాం. రాత్రిళ్లు ఏరియేటర్లు ఆగకుండా చూసుకోవాలి. కరెంటు పోతే వెంటనే జనరేటర్ వెయ్యాలి. నీళ్లలో ఆక్సిజన్ పడిపోతే తెల్లారేసరికి పంట దక్కదు. కాబట్టి ఇంట్లో ఉన్న ఒక్క మంచి ఫోన్ రాత్రి గుంట గట్టుమీదే ఉంటుంది. పొలం మోటారు ఆన్ చేయడానికి కూడా చాలామంది రైతులు ఫోన్‌కు కలిపిన స్టార్టర్లే వాడుతున్నారు. ఆ ఇంట్లో ఇంటర్ చదివే పిల్లకు ఫోన్ దొరికేది నాన్న ఇంటికొచ్చి అన్నం తిని కునుకు తీసే వేళలోనే.

ప్రకాశం మెట్ట మండలాల్లో పొగాకు ఇళ్లది ఇంకో తీరు. ఆకు కోత, బ్యారన్‌లో (ఆకును వేడితో ఆరబెట్టే గది) క్యూరింగ్ జనవరి నుంచి మార్చి దాకా జోరుగా సాగుతాయి. బ్యారన్ వెలిగించాక రాత్రీ పగలూ వేడి చూసుకోవాలి. ఇంటర్, పదో తరగతి పరీక్షలూ సరిగ్గా అదే కాలంలో వస్తాయి. కనిగిరి, పామూరు వైపు నుంచి హైదరాబాద్, బెంగళూరు పనులకు వలస వెళ్లే కుటుంబాల్లో టచ్ ఫోన్ తల్లిదండ్రులతో ఊరు దాటుతుంది. నానమ్మ, తాతయ్యల దగ్గర పిల్లలతో పాటు మిగిలేది బటన్ ఫోన్.

టవర్ సంగతి సరేసరి. జాతీయ రహదారి 16, రైలు పట్టాల వెంట గూడూరు నుంచి ఒంగోలు దాకా సిగ్నల్‌కు పెద్ద కొదవ ఉండదు. బిట్రగుంట, కావలి, ఉలవపాడు, సింగరాయకొండ నుంచి రోజూ రైల్లో కాలేజీకి వెళ్లే విద్యార్థులకు ప్రయాణమే ఒక చదువు గంట. ఒకే ఇయర్‌ఫోన్ చెరో చెవిలో పెట్టుకుని ఒక ఫోన్‌లో ఇద్దరు పాఠం వినడం ఆ పెట్టెల్లో మామూలు దృశ్యం. పడమరకు పోయేకొద్దీ పరిస్థితి మారుతుంది. దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కితే సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. నల్లమల లోపలి చెంచుగూడేలకు ‘ఎక్కడైనా’ అన్న మాట ఇంకా పూర్తిగా చేరనే లేదు.

డేటా లెక్క కూడా చదువు వేళను శాసిస్తుంది. సాధారణ రీఛార్జిలో రోజుకు ఒకటిన్నర జీబీ వస్తుంది. గంటసేపు పాఠాన్ని మధ్యస్థ నాణ్యతలో చూస్తే మూడు నాలుగు వందల ఎంబీ నుంచి అర జీబీ దాకా ఖర్చవుతుంది. అదే పాఠాన్ని సెకనుకు 64 కిలోబిట్ల ఆడియోగా మారిస్తే గంటకు 29 ఎంబీ చాలు. ఇంటిల్లిపాదీ ఒకే నంబరు మీద నెట్ వాడే చోట సాయంత్రం సీరియల్, క్రికెట్, రీల్స్ అయ్యాక పాఠానికి మిగిలేది ఎంతో ఊహించవచ్చు. కోటా మళ్లీ నిండేది అర్ధరాత్రి పన్నెండుకు. పిల్లలు పన్నెండు దాటేదాకా మేలుకుని వీడియోలు డౌన్‌లోడ్ చేసుకోవడాన్ని పెద్దలు వ్యసనం కింద జమకడతారు. కొన్ని ఇళ్లలో అందులో వ్యసనం కొంతే, మిగతాది కోటా లెక్క. 5జీ ఫోన్, దానికి తగిన రీఛార్జి ఉన్నవాళ్లకు ఈ బాధ లేదు. 2024 జూలైలో టారిఫ్‌లు పెరిగాక ఆ ‘ఉన్నవాళ్లు’, ‘లేనివాళ్లు’ అన్న గీత ఇంకాస్త స్పష్టంగా కనిపిస్తోంది.

ఫోన్ ఎవరిదన్న దగ్గర ఆడ, మగ తేడా కూడా ఉంది. పల్లె పిల్లల చదువు తీరును చూసే అసర్ సర్వే 2024 లెక్క ప్రకారం దేశంలోని పల్లెల్లో 14 నుంచి 16 ఏళ్ల పిల్లల్లో 82 శాతానికి స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చు. వాడటం వచ్చినవాళ్లలో సొంత ఫోన్ ఉన్నది మగపిల్లల్లో 36 శాతానికి, ఆడపిల్లల్లో 27 శాతానికి. ఇవి దేశం మొత్తానికి చెందిన అంకెలు. ఈ రెండు జిల్లాలకూ యథాతథంగా అతికించడం సరికాదు. కానీ అన్నయ్య ఫోన్ ఇచ్చేదాకా ఆగే చెల్లెలు ఇక్కడి ఇళ్లలోనూ కొత్త పాత్రేమీ కాదు. ఉపాధ్యాయుడు రాత్రి ఎనిమిదింటికి లైవ్ క్లాస్ పెట్టి హాజరు తీసుకున్నాడంటే, ఎవరిది గైర్హాజరు అవుతుందో ముందే తేలిపోయినట్టే.

చూడటం వేరు, రావడం వేరు

ఫోన్ చదువు మీద జరిగే వాదనల్లో ఎక్కువభాగం ‘మంచిదా, చెడ్డదా’ అన్న దగ్గరే తిరుగుతుంది. పాఠం మనసులో నిలవడానికి జరగాల్సిన ప్రక్రియ మీద చర్చ తక్కువ. నేర్చుకున్నది ఎంత తొందరగా చెరిగిపోతుందో జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎబింగ్‌హాస్ 1885లోనే కొలిచి చూపించాడు. చెరగకుండా ఆపే మార్గాల్లో బలమైనది, నేర్చుకున్నదాన్ని కాస్త ఎడం ఇచ్చి జ్ఞాపకంలోంచి మళ్లీ బయటికి తీయడం. 2006లో రోడిగర్, కార్పికె అనే అమెరికన్ పరిశోధకులు చేసిన ప్రయోగంలో కొందరు విద్యార్థులు ఒక పాఠాన్ని పదేపదే చదివారు. ఇంకొందరు ఒకసారి చదివి, గుర్తున్నది మూడుసార్లు రాసి చూసుకున్నారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే పదేపదే చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత అడిగితే సీను మారింది. రాసి చూసుకున్నవాళ్లకు 61 శాతం గుర్తుంటే, చదువుతూ పోయినవాళ్లకు 40 శాతమే గుర్తుంది.

ఎప్పుడు కావాలంటే అప్పుడు దొరికే పాఠం మనిషిని మొదటి పద్ధతివైపు లాగుతుంది. మళ్లీ చూడొచ్చు కాబట్టి ఇప్పుడు గుర్తుపెట్టుకోనక్కర్లేదు. బోర్డును ఫోటో తీశాం కాబట్టి నోట్స్ రాయనక్కర్లేదు. ఏ విద్యార్థి గ్యాలరీ తెరిచినా సెల్ఫీల మధ్య, పెళ్లి ఫోటోల మధ్య, వంకరగా తీసిన నల్లబల్ల బొమ్మలు వందల్లో కనిపిస్తాయి. పరీక్ష ముందురోజు వాటిలో యూనిట్ 3 ఏదో వెతుక్కోవడమే ఒక పరీక్ష.

దీని కొసరూపం ‘వన్ షాట్’ వీడియో. సెమిస్టర్ సిలబస్ మొత్తం, లేదా ఒక యూనిట్ మొత్తం, ఒకే వీడియోలో. నెల్లూరు ఇంజనీరింగ్ కాలేజీలకు జేఎన్‌టీయూ అనంతపురం, ఒంగోలు వైపు కాలేజీలకు జేఎన్‌టీయూ కాకినాడ పరీక్షలు పెడతాయి. రెండింటి సిలబస్‌కూ విడివిడిగా ఇలాంటి వీడియోలు ఉన్నాయి. వాటిని తప్పుపట్టడం తేలిక. కానీ అవి నిలబడటానికి కారణం పరీక్ష విధానంలోనే ఉంది. ‘ముఖ్యమైన ప్రశ్నలు’ ఏవో ముందే ఊహించగలిగే ప్రశ్నపత్రానికి రాత్రికి రాత్రి చూసిన వీడియో సరిపోతుంది. ఐదు నిమిషాల తర్వాతి ఫలితం, వారం తర్వాతి ఫలితం వేరని పైన చెప్పుకున్నాం. పరీక్ష మర్నాడే అయితే విద్యార్థి ఎంచుకున్న దారి లెక్కప్రకారం తెలివైనదే. తర్వాతి సెమిస్టర్‌లో ఆ సబ్జెక్టు మీద ఇంకో సబ్జెక్టు కట్టాల్సి వచ్చినప్పుడు పునాది లేదని తెలుస్తుంది.

వీడియో నిడివి మీద కూడా నికరమైన ఆధారం ఉంది. ఎడెక్స్ అనే ఆన్‌లైన్ కోర్సుల వేదికలో 69 లక్షల వీక్షణ సందర్భాలను 2014లో విశ్లేషించినప్పుడు, వీడియో ఎంత పొడవున్నా విద్యార్థులు నిలకడగా చూసింది మధ్యస్థంగా ఆరు నిమిషాలకు మించలేదని తేలింది. యాభై నిమిషాల తరగతిని అలాగే రికార్డు చేసి గ్రూపులో పెట్టే పద్ధతి ఎందుకు పండదో ఇందులోనే తెలుస్తుంది. తరగతి గదిలో మాస్టారు మధ్యలో ఆగుతాడు, వెనక బెంచీని అడుగుతాడు, జోకు వేస్తాడు, సుద్దముక్క విసురుతాడు. రికార్డింగ్‌లో ఇవేవీ పనిచేయవు.

ఫోన్ లేని రెండేళ్లు, ఆ వెంటనే ఫోన్‌తోనే నాలుగేళ్లు

ఈ ప్రాంతానికి ప్రత్యేకమైన ఒక మలుపు ఇక్కడ ఉంది. రెసిడెన్షియల్ కోచింగ్ చదువుకు నెల్లూరు పుట్టినిళ్లలో ఒకటి. నారాయణ విద్యాసంస్థలు 1979లో ఇక్కడే చిన్న లెక్కల ట్యూషన్‌గా మొదలయ్యాయి. ఆ నమూనా రెండు తెలుగు రాష్ట్రాలకూ పాకింది. ఏ సంస్థదైనా రెసిడెన్షియల్ ఇంటర్ హాస్టల్ చిత్రం దాదాపు ఒకటే: తెల్లవారుజామున లేపడం, స్టడీ అవర్లు, వారాంతపు పరీక్ష, ర్యాంకుల జాబితా, ఫోన్ నిషేధం. ఇంటికి మాట్లాడాలంటే వార్డెన్ ఫోనో, ఔటింగ్ రోజో.

అంటే పదహారు, పదిహేడేళ్ల వయసులో, ఏ వేళ ఏం చదవాలన్న నిర్ణయం విద్యార్థి తీసుకోడు. గంట నిర్ణయిస్తుంది. రెండేళ్ల తర్వాత అదే విద్యార్థి ఇంజనీరింగ్‌లో చేరతాడు. చేతికి కొత్త ఫోన్ వస్తుంది, పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు దాకా తప్ప అడిగేవాళ్లు ఉండరు. ‘ఎప్పుడైనా నేర్చుకోవచ్చు’ అన్న వెసులుబాటును వాడుకోవాలంటే తన సమయాన్ని తానే పంచుకోవడం వచ్చి ఉండాలి. ఆ అలవాటు పెరగాల్సిన రెండేళ్లలో దానికి అవకాశమే లేకపోయింది. మొదటి సంవత్సరంలో బ్యాక్‌లాగ్‌లు పడితే ‘ఫోన్ వచ్చి పాడైపోయాడు’ అంటారు. ఫోన్ రావడం కంటే, అప్పటిదాకా చుట్టూ ఉన్న గంట ఒక్కసారిగా మోగడం మానేయడం పెద్ద కారణం కావచ్చు.

ప్రభుత్వ జూనియర్ కాలేజీలో చదివిన డే స్కాలర్‌కు ఎదురయ్యేది దీనికి తిరగేసిన సమస్య. ఫోన్ పదో తరగతి నుంచే అలవాటు. రోజులో ఇంత సేపని గీత గీసేవాళ్లు లేరు. ఇద్దరూ బీటెక్ మొదటి సంవత్సరంలో ఒకే బెంచీమీద కూర్చుంటారు. లెక్చరర్‌కు ఇద్దరూ ‘ఫోన్ పిల్లలు’గానే కనిపిస్తారు. మొదటివాడికి కావాల్సింది వారానికి ఒకసారి ఏం చదివావని అడిగే మనిషి. రెండోవాడికి కావాల్సింది ఫోన్ పక్కనపెట్టి నలభై నిమిషాలు కూర్చునే సాధన. ఒకే సర్క్యులర్ ఇద్దరికీ మందు కాదు.

ట్యాబ్ ఇచ్చి, ఫోన్ వద్దన్నారెందుకు?

రాష్ట్రంలో తల్లిదండ్రులను తికమక పెట్టిన విషయం ఇది. 2022 జూన్‌లో ప్రభుత్వం బైజూస్‌తో ఒప్పందం చేసుకుంది. డిసెంబరు 21న ఎనిమిదో తరగతి పిల్లలకు, ఉపాధ్యాయులకు కలిపి 5 లక్షల పైచిలుకు ట్యాబ్‌లు పంచడం మొదలైంది. బడుల్లో ఇంటరాక్టివ్ ప్యానెళ్లు వచ్చాయి. 2023 ఆగస్టులో అదే ప్రభుత్వం పాఠశాలల్లోకి విద్యార్థులు ఫోన్లు తేకూడదంది. తరగతి గదిలోకి ఉపాధ్యాయులు తెచ్చే ఫోన్ల మీదా ఆంక్ష పెట్టింది. తెర ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో లాక్కున్నట్టు కనిపించింది.

విధానపరంగా చూస్తే రెండింటికీ పొంతన ఉంది. ట్యాబ్‌ను పాఠాలు తప్ప ఇంకేవీ తెరుచుకోని మూసిన పరికరంగా ఉద్దేశించారు. ఫోన్ అన్ని దారులూ తెరిచిన పరికరం. ఫోన్లను బోధనకు ఉపయోగపడే మేరకే అనుమతించాలని యునెస్కో 2023 నివేదిక చెప్పింది. పలు దేశాల్లో పదిహేనేళ్ల పిల్లలకు పెట్టే పీసా పరీక్ష 2022 విడతలో, ఓఈసీడీ (ఎక్కువగా సంపన్న దేశాల కూటమి) దేశాల విద్యార్థుల్లో సగటున 65 శాతం మంది, కొన్ని లెక్కల తరగతుల్లోనైనా పరికరాలు తమ ధ్యాసను మళ్లించాయని ఒప్పుకున్నారు. ఆ విడతలో భారత్ పాల్గొనలేదు కాబట్టి మన అంకె అందులో లేదు.

ఆచరణలో ఆ తాళం ఎంత గట్టిదన్నది వేరే ప్రశ్న. కొందరు పిల్లలు లాక్ తీయించేసుకున్నారన్న వార్తలు అప్పట్లో పత్రికల్లో వచ్చాయి. తర్వాత 2024లో బైజూస్ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. పరికరం మన్నినంత కాలం అందులోని పాఠం ఇచ్చే సంస్థ మన్నుతుందన్న భరోసా లేదని ఆ ఉదంతం చూపించింది. బడి చేతిలో సొంతంగా మిగిలినవి చూస్తే, ఒక పేజీ ఇంగ్లిష్, పక్క పేజీ తెలుగుగా అచ్చయిన ద్విభాషా పాఠ్యపుస్తకాలే పెద్ద ఆస్తి. ఇంగ్లిష్ మీడియంలోకి మారిన పల్లె పిల్లలు యూట్యూబ్‌లో తెలుగు వివరణ వెతకడానికి ఏ అవసరం కారణమో, ఆ పుస్తకం ఉన్నదీ ఆ అవసరానికే.

రాత్రి 10.40కి వచ్చే డౌటు

ఎప్పుడైనా నేర్చుకునే విద్యార్థి వెనక ఎప్పుడైనా జవాబు చెప్పాల్సిన ఉపాధ్యాయుడు ఉంటాడు. ఈ ముఖం చర్చల్లోకి తక్కువగా వస్తుంది. ప్రతి సెక్షన్‌కు ఒక వాట్సాప్ గ్రూపు. అందులో పీడీఎఫ్‌లు, ఫీజు గడువు, బస్సు ఆలస్యం, పుట్టినరోజు శుభాకాంక్షలు, మధ్యలో అసైన్‌మెంట్. కింద వరసగా ‘నోటెడ్ సార్’, ‘ఓకే మేడమ్’, బొటనవేలి గుర్తులు. (వాటిలో నిజంగా నోట్ చేసుకున్నవి ఎన్నో ఆ పైవాడికే ఎరుక.)

కానీ గ్రూపులో కాకుండా విడిగా వచ్చే మెసేజ్‌ల స్వభావం వేరు. రాత్రి 10.40కి ఒక లెక్క ఫోటో వస్తుంది. మూడో లైన్ కింద పెన్సిల్ గీత. ‘సార్, ఇక్కడ మైనస్ ఎలా వచ్చింది?’ తరగతిలో అరవైమంది ముందు చెయ్యెత్తని విద్యార్థి ఇలా అడుగుతాడు. మాస్టారు నలభై సెకన్ల వాయిస్ మెసేజ్ పెడతాడు. తెల్లారేసరికి అది ఇంకో పదిమందికి ఫార్వర్డ్ అవుతుంది. బోధనలో ఫోన్ తెచ్చిన అసలైన లాభాల్లో ఇది ఒకటి. ప్రశ్న చిన్నది, చోటు ఖచ్చితం, అడిగినవాడు అప్పటికే ప్రయత్నించి ఆగినవాడు. ‘ఇంటిగ్రేషన్ మళ్లీ చెప్పండి సార్’ అన్న తరగతి గది విన్నపంలో ఈ మూడూ ఉండవు.

ఇందులో ఖర్చు కూడా ఉంది. మూడు సెక్షన్లు చెప్పే లెక్చరర్‌కు దగ్గర దగ్గర రెండు వందలమంది విద్యార్థులు. రోజుకు ఇరవైమంది అడిగినా, ఒక్కొక్కరికి మూడు నిమిషాలు అనుకుంటే రాత్రిపూట గంట. ఆ గంట టైంటేబుల్‌లో లేదు, జీతంలోనూ లేదు. మహిళా అధ్యాపకులకు వేళకాని వేళ వచ్చే మెసేజ్‌లతో ఇంకో ఇబ్బంది. అందుకే కొందరు అధ్యాపకులు తామే వేళ పెట్టుకుంటున్నారు: ఎనిమిది నుంచి తొమ్మిది, ఆ తర్వాత వచ్చినవి మర్నాటికి. విద్యార్థి డౌటు ఎప్పుడైనా పంపవచ్చు, జవాబు మాత్రం ఒక వేళకే వస్తుంది. ఈ ఏర్పాటు మోటుగా కనిపించినా ఇద్దరికీ నిలకడగా నడిచేది ఇదే.

2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక రాత్రి డౌటుకు ఇంకో గడప దొరికింది. అది పన్నెండింటికీ విసుక్కోదు. అసైన్‌మెంట్‌ను ఒకే వరసలో, ఒకే పదాలతో ముప్ఫైమంది రాసి తెచ్చినప్పుడు సంగతి అధ్యాపకుడికి అర్థమవుతుంది. ఇంటి దగ్గర రాసే పనికి మార్కులు వేయడం అర్థం లేని పనిగా మారుతోంది. ఇంటిదగ్గర రాసుకొచ్చినదాన్ని తరగతిలో ఐదు నిమిషాలు నిలబెట్టి అడిగే వైవాకు విలువ పెరుగుతోంది.

తరగతి గంట ఏ పనికి?

2007లో అమెరికాలోని కొలరాడోలో బెర్గ్‌మన్, శామ్స్ అనే ఇద్దరు కెమిస్ట్రీ టీచర్లు క్రీడల కోసం బడి మానే పిల్లలకు పాఠాలు రికార్డు చేసి ఇవ్వడం మొదలుపెట్టారు. పాఠం ఇంటిదగ్గర విని, లెక్కలు తరగతిలో చేయడం అన్న ‘తిరగేసిన తరగతి’ అలా ప్రచారంలోకి వచ్చింది. దాన్ని యథాతథంగా ఇక్కడికి తెస్తే రొయ్యల గుంట మీదున్న ఫోన్ దగ్గర ఆగిపోతుంది. ఇంటిదగ్గర విని రావడం తప్పనిసరి చేస్తే, వినలేనివాడు తరగతిలోనూ వెనకబడతాడు. రెండు దెబ్బలు ఒకడికే.

ఇక్కడి పరిస్థితులకు తగ్గట్టు దాన్ని కొంత సవరించుకోవాలి. వీడియోను ఇంటికి పంపేకన్నా, వైఫై ఉన్న కాలేజీలోనే సాయంత్రం బస్సెక్కేముందు డౌన్‌లోడ్ చేసుకోమనవచ్చు. చిన్న ముక్కలుగా, ఆరేడు నిమిషాలకు మించకుండా. బొమ్మ అక్కర్లేని చరిత్ర, కామర్స్, తెలుగు పాఠాలను ఆడియోగా ఇస్తే పది నిమిషాలకు ఐదు ఎంబీలోపే అయిపోతుంది. ఎడం చెవిలో అది, కుడి చెవిలో కండక్టర్ కేక. మర్నాడు తరగతి మొదటి పది నిమిషాలు పుస్తకం మూసి నాలుగు ప్రశ్నలు, తెల్ల కాగితం మీద. మార్కులు అక్కర్లేదు. రోడిగర్ ప్రయోగంలో పనిచేసింది ఆ బయటికి తీసే పనే. వీడియో చూడలేనివాడికీ ఆ నాలుగు ప్రశ్నల్లో పాఠం ఆనవాలు దొరుకుతుంది. మిగిలిన గంటలో తప్పులు ఎక్కువగా వచ్చిన ప్రశ్న మీద కూర్చోవచ్చు. ఇందుకు ప్యానెల్ అక్కర్లేదు, ట్యాబ్ అక్కర్లేదు. సిలబస్ పూర్తయిందా అని అడిగే ప్రిన్సిపాల్ మాత్రం కొంచెం ఓర్చుకోవాలి.

ఏడాదంతా ఒకే వేళ పెట్టడం కంటే ఊరి పంట క్యాలెండర్‌తో సరిచూసుకోవడమూ అవసరమే. ఫిబ్రవరిలో పొగాకు ఊళ్ల పిల్లలకు రాత్రి లైవ్ క్లాస్ పెట్టడం వృథా.

చదువు ఎక్కడైనా, పరీక్ష అక్కడే

యూజీసీ 2021 నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్‌లోని కోర్సుల్లో 40 శాతం దాకా ‘స్వయం’ ద్వారా చదివినా క్రెడిట్లు కలుపుకోవచ్చు. విక్రమ సింహపురి, ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయాల పరిధిలోని చిన్న డిగ్రీ కాలేజీల్లో, చెప్పే లెక్చరర్ లేని సబ్జెక్టును కూడా విద్యార్థి ఎంచుకోగల దారి ఇది. అయితే క్రెడిట్ చేతికొచ్చే దారిలో ఒక మెలిక ఉంది. ఎన్‌పీటెల్ కోర్సునే తీసుకుంటే, వారం వారం ఆన్‌లైన్‌లో చేసే అసైన్‌మెంట్లకు 25 మార్కులు, కేంద్రానికి వెళ్లి రాసే పరీక్షకు 75. వీడియోలు ఉచితం, పరీక్షకు రుసుము. ఉదయగిరి, సీతారామపురం నుంచో, ఎర్రగొండపాలెం నుంచో పరీక్షా కేంద్రానికి ఒక్కరోజులో వెళ్లి రావాలంటే తొలి బస్సు పట్టుకోవాలి. ఆడపిల్ల అయితే తోడు ఒకరు రావాలి. వాళ్లకు ఆ రోజు కూలి పోతుంది.

పిల్లల సమాచారం సంగతి కూడా ముందు ముందు బడుల మెడకు చుట్టుకోనుంది. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పద్దెనిమిదేళ్లలోపు వాళ్ల సమాచారానికి తల్లిదండ్రుల ధ్రువీకరించదగిన అనుమతి కావాలంటోంది. వాళ్లను గమనిస్తూ గురిపెట్టే ప్రకటనలు వద్దంటోంది. ఉచితంగా పాఠాలిస్తామని వచ్చే యాప్‌లో సెక్షన్ మొత్తం నంబర్లు, పుట్టిన తేదీలు ఎక్కించే ముందు ఎవరి సంతకం తీసుకోవాలన్న ప్రశ్న ఇప్పటిదాకా స్టాఫ్ రూముల్లో పెద్దగా వినిపించలేదు. 2025 డిసెంబరులో ఆస్ట్రేలియా పదహారేళ్లలోపు పిల్లలకు సోషల్ మీడియా ఖాతాలు నిషేధించాక, వయసు నిర్ధారణ భారం మీద చర్చ ఇక్కడికీ వచ్చింది. అమ్మ పేరుమీద సిమ్, నాన్న పేరుమీద ఫోన్, అన్న ఈమెయిల్‌తో తెరిచిన యాప్. ఆ ఫోన్‌ను ఏ క్షణంలో ఎవరు పట్టుకున్నారో యాప్‌కు తెలిసే మార్గం ప్రస్తుతానికి లేదు.